చల్లారిన టర్బైను

కాలనీకి కరెంటిచ్చి రాత్రిపూట ఆగి ఉండే టర్బైనును చల్లారకుండా చూసే వంతు ఆ వారం సుదర్శనానిది. ఆయన ఇంట్లో కంప్యూటర్ ముందే కాపలా కూర్చుని నిద్రపోయాడు. తెల్లారేసరికి దాని ఇనుము చల్లబడిపోయింది. పక్కింటి మస్తానమ్మ ఊపిరి యంత్రానికి బ్యాటరీ ఇంక అరగంటే వస్తుంది.

తెరమీది నమూనా టర్బైనును గబగబా వేడిచేసి చూశాడు. పైభాగం ఎర్రబడింది, లోపలి ఇరుసు ఇంకా చల్లగా, నీలంగానే ఉండి పగిలింది. నెమ్మదిగా చేస్తే పగల్లేదు కాని గంట పట్టింది. ఎన్నిసార్లు చూసినా అంతే.

అసలు టర్బైనును నెమ్మదిగా వేడిచేయడం మొదలుపెట్టి మస్తానమ్మ ఇంటికి పరుగెత్తాడు.

“తప్పు నాదేనమ్మా, నిద్రపోయాను,” అన్నాడు ఆమె కూతురు రమీజాతో.

“నిలబడి చెప్తావేంది మామా? ముందు నీ స్కూటర్ బ్యాటరీ పీక్కొనిరా.”

ఆయనది చాల్లేదు. అడక్కుండానే ఎదురింటివాళ్లూ తమది తెచ్చారు. ఎవరూ ఆయన్ని ఒక్కమాట అనలేదు. అదే భరించలేకపోయాడు.

కరెంటు వచ్చాక మస్తానమ్మ మాస్కు పక్కకు జరిపింది.

“రాత్రి గోడవతల నీ నడక వినబళ్లేదన్నయ్యా. వదిన పోయినాక నువ్వు నిద్రపోయింది ఇదే మొదలు గదా. నేనూ హాయిగా పడుకున్నా.”

సుదర్శనం తల ఇంకాస్త వంచుకున్నాడు.