చలి మందు

బసన్న పరుగున తన తోటకొచ్చేసరికి, కొత్తగా వచ్చిన వ్యవసాయాధికారి శేషాచలం చివరి నిమ్మచెట్టుకు మందు కొట్టి పంపు దించుతున్నాడు.

"ఆకులన్నీ వాడిపోయాయి. ఇది చలి దెబ్బ అని కూడా తెలీని మొద్దుల్లారా! ఇది అమెరికా హార్మోను. ఇక మంచు గడ్డకట్టినా మీ చెట్లకు భయంలేదు."

"ఈడ మంచు యాడుంది సార్? గడ్డకట్టిన నీళ్లు ఆదోని సోడా అంగట్లోనే సూసినాం. ఇంతకీ ఈ మందేం సేస్తాది?"

"చలి పోయేదాకా మొగ్గల్ని నిద్రపుచ్చుతుంది," విసుక్కున్నాడు శేషాచలం.

బసన్న నవ్వాడు. ఆ నవ్వులో మర్యాద లేదు.

"సెట్లు వాడింది సలికి కాదు సార్. నీళ్లు మేమే ఆపినాం. ఎండగట్టి తడిపితేనే మా నిమ్మ విరగబూస్తాది."

శేషాచలం ఖాళీ పంపు వైపు చూశాడు.

"నెల దినాలు సెట్ల కడుపు మాడ్చి మొగ్గను మేము లేపుతాంటే, మీరొచ్చి జోకొట్టినారు!"