ఇంటినిండా చుట్టాలే

లైదాకు నొప్పులు మొదలయ్యేసరికి తల దాచుకోడానికి చోటన్నదే లేదు. ముందురోజు తుఫాను వాళ్ళ పడవను ముక్కలు చేసేసింది. బిన్సాలికీ లైదాకూ ఇల్లూ వాకిలీ అన్నీ ఆ పడవే. వాళ్ళది తరతరాలుగా నీళ్ళమీదే కాపురాలు చేసుకునే బజావు జాతి. ఒడ్డున ఊళ్ళవాళ్ళకు ఏ పండగ ఎప్పుడో, ఎందుకో వాళ్ళకు తెలియదు.

ఆసుపత్రికి తాళం వేసి ఉంది. సెలవట. మునిమాపు వేళ పెళ్ళాన్ని భుజానికి ఆనించుకుని బిన్సాలి ఊళ్ళోకి నడిచాడు. ఈ ఊరి భాష అతనికి చేపలమ్ముతూ నేర్చుకున్న నాలుగు ముక్కలే వచ్చు.

దేవుడే ఏదో దారి చూపిస్తాడు పదమంది లైదా. బిన్సాలికి ఒళ్ళు మండింది. అంత చూపించేవాడైతే పడవనెందుకు ముంచాడని అడిగాడు. ఆమె పళ్ళ బిగువున నొప్పి ఓర్చుకుంటోంది.

దీపాలు బాగా వెలుగుతున్న ఇల్లు చూసి తలుపు తట్టాడు. తట్టీ తట్టకముందే, మంచి బట్టలు కట్టుకున్న ఒకావిడ తలుపు తీసింది. తన భార్యకు నెలలు నిండాయని, ఈ ఒక్క రాత్రికి చోటిమ్మని బిన్సాలి వచ్చీరాని మాటల్లో బతిమాలాడు. ఆవిడ లైదా పొట్టవైపు చూసింది.

"చోటు లేదు. ఇంటినిండా చుట్టాలే. ఇంకో గడప చూసుకోండి" అంది, వీధి వీధంతా వినేట్టు. తలుపు మూసేసింది. లోపల ఎవరో కిసుక్కున నవ్వారు.

రెండో ఇంటి పెద్దాయన మరీ ఘోరం. మీలాంటి అలగాజనానికి మా ఇల్లేం సత్రం కాదన్నాడు. అనేసి, కిటికీలోంచి అందరి మొహాలూ చూశాడు, ఎలా ఉందన్నట్టు.

అప్పటికే వెనక జనం పోగయ్యారు. చేతుల్లో కొవ్వొత్తులు, చంకల్లో పిల్లలు. ఒక్కరూ చెయ్యందించలేదు. లైదా కూలబడి బావురుమంటే ఓ ముసలమ్మ పక్కావిణ్ణి మోచేత్తో పొడిచింది.

"ఎంత బాగా ఏడుస్తోందో చూడవే."

వీళ్ళసలు మనుషులేనా అనుకున్నాడు బిన్సాలి. వీళ్ళకంటే సముద్రం నయం, ముంచేముందు వేడుక చూడదు.

మూడో ఇంట్లోనూ అదే వరస. ఆ ఇంటాయన తిట్టబోయి తడబడ్డాడు. గొంతు సవరించుకుని మళ్ళీ మొదటినుంచీ తిట్టాడు.

"నావల్ల కాదు మావా. ఇక్కడే కనేస్తాను. నువ్వు అడ్డంగా నిలబడు" అంది లైదా.

ఆ మాటకు బిన్సాలి గుండె చెరువైంది. ఏనాడూ తలుచుకోని దేవుణ్ణి అప్పుడు తలుచుకున్నాడు. తిట్టుకుంటూనే తలుచుకున్నాడు.

"నా మొహం చూడకపోతే మానె. ఇది నిన్నే నమ్ముకుంది. దీనికోసం ఒక్క తలుపు తెరిపించు."

జనం వాళ్ళను వీధి చివరికి నడిపించుకుపోయారు. అక్కడ చర్చి ఉంది. బిన్సాలి తలుపు బాదాడు. రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. గంటలు మోగాయి. జనం చప్పట్లు కొట్టారు. లైదా గుమ్మంలోనే పడిపోయి కేక పెట్టింది. ఆమె కాళ్ళకింద నేల తడిసిపోయింది.

చప్పట్లు ఆగిపోయాయి.

గుంపులోంచి మంత్రసాని పరుగెత్తుకొచ్చింది. మొదటి ఇంటావిడ తన పైబట్ట తీసి కింద పరిచింది. సత్రం కాదన్న పెద్దాయన వేణ్ణీళ్ళకోసం పరుగుతీశాడు. గెంటినవాళ్ళే ఏడుస్తూ తన చేతులు పట్టుకుంటుంటే బిన్సాలికి ఏమీ అర్థం కాలేదు.

కాసేపటికి బిడ్డ ఏడుపు వినిపించింది.

అప్పుడే నీలం ముసుగేసుకున్న అమ్మాయీ, పెట్టుడు గడ్డం అబ్బాయీ రొప్పుతూ వచ్చి, "బస్సు చెడిపోయింది ఫాదర్, ఏటా క్రిస్మస్ ముందురోజు ఇంటింటా గెంటించుకునే మరియ, యోసేపుల వేషాలు ఈసారి మావే కదా, మేం రాకుండా నాటకం ఎవరితో ఆడించేశారు?" అని అడిగారు.