ఎదుటి వాకిలి

బడి వదిలే వేళకు వరహాలమ్మ తన గది ముందు అరుగు మీదకు వచ్చి కూర్చునేది. ఎండ మొహాన కొట్టినా లేచేది కాదు. చూపంతా ఎదుటి వాకిలి మీదే.

ఆ వాకిలి సూరిబాబుది. భన్‌పురిలో ఓ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమాస్తా. పొద్దుటి డ్యూటీ చేసుకుని మధ్యాహ్నానికే ఇల్లు చేరతాడు. పెళ్లి కాలేదు, నెమ్మదస్తుడు. మోవా పేటలో ఆ వరస ఇళ్ల తెలుగు పిల్లలకు ఊరికే లెక్కలు చెప్తాడు, చాక్లెట్లు పంచుతాడు. అతనంటే అందరికీ గురి.

వరహాలమ్మంటే ఎవరికీ పడదు. సూరిబాబు వచ్చిన నెల్లాళ్లకు ఎక్కణ్ణుంచో వచ్చి దిగింది. ఏ పిల్ల ఒంటరిగా అతని గడప తొక్కబోయినా, "ఇలా రాయే, జంతిక పెడతాను" అని కేకేసేది. రాకపోతే తనే వెళ్లి రెక్క పట్టుకుని తెచ్చేది. అతను తల దించుకుని తలుపేసుకునేవాడు.

"గొడ్రాలి ఏడుపు" అనుకున్నారు ఆడవాళ్లు. దసరాకు ఇంటింటికీ పిండివంటల పళ్లేలు తిరిగాయి. ఆమె గడప దగ్గర ఒక్కటీ ఆగలేదు.

ఓ రోజు జ్వరమొచ్చి ఆమె మంచం దిగలేకపోయింది. సాయంత్రం నీళ్లకని తూలుతూ పంపు దగ్గరికి వెళ్తే, పక్కింటి తాయారు కూతురు ఊర్మిళ గోడకు అతుక్కుపోయి నిలబడి ఉంది.

వరహాలమ్మ బిందె దించేసి పిల్ల పక్కన కూలబడింది.

"ఎవరికీ చెప్పొద్దన్నాడా?"

పిల్ల తలూపింది.

"నీ తప్పేటీ లేదమ్మా. అమ్మకు చెప్దాం, రా."

తాయారు మండిపడింది. "అలాంటి మనిషి మీద అభాండమా? అతని సంగతి నీకేటి తెలుసు మామ్మా?"

"నన్ను నమ్మకు. నీ పిల్లని నమ్ము."

తాయారు కూతురి మొహంలోకి చూసింది. పిల్లను ఒళ్లోకి లాక్కుంది. అప్పుడు ఊర్మిళ అంతా చెప్పింది.

మర్నాడు ఠాణాలో సూరిబాబు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఇంతకుముందు అతనుండిన అభన్‌పూర్‌లోనూ ఇలాగే జరిగిందని, అక్కడ తన మాట ఎవరూ వినలేదని, అందుకే అతని వెనకాలే వచ్చి కాపలా కూర్చున్నానని వరహాలమ్మ వచ్చీరాని హిందీలో చెప్పింది.

ఇన్‌స్పెక్టరు రాయడం ఆపాడు. "ఇతని కోసం ఊళ్లు పట్టుకు తిరిగారా? ఇతను మీకేమవుతాడమ్మా?"

వరహాలమ్మ బెంచీ వైపు చూసి, "మేరా బేటా, సాబ్" అంది.