తండ్రికి కప్పిన శాలువా

తంజావూరు పక్క మా ఊళ్లో, పంచాయతీ ప్రెసిడెంటు పూంగోదై వేయించిన మజ్జిగ పందిరి తెరవడానికి భూస్వామి అంబలవాణర్ వచ్చాడు. రాక ఏం చేస్తాడు? ఆయన కొత్త రైసుమిల్లుకి ఇప్పుడు ఆమె సంతకం కావాలి.

నవ్వు పులుముకుని, పట్టు శాలువా విప్పి ఆమెకి కప్పబోయాడు.

"నాకొద్దయ్యా," అంది పూంగోదై మైకులోనే. "మా నాన్నకి కప్పండి. భుజాన తువ్వాలుతో తమరికి ఎదురొచ్చాడని కొబ్బరిచెట్టుకి కట్టి కొట్టించారే, ఆయనకి."

అంబలవాణర్ మొహం మాడిపోయింది. అయినా రైసుమిల్లు గుర్తొచ్చి వేదిక దిగాడు. ముందు వరసలో కూర్చున్న ముసలాయనకి శాలువా కప్పాడు.

ఈలలు, డప్పులు. పూంగోదై కడుపులో ముప్పై ఏళ్ల పగ చల్లారబోతోంది.

అంతలో ముసలాయన గబుక్కున లేచాడు. "తప్పయిపోయింది సామీ!" అంటూ భుజం మీది శాలువా తీసి చంకలో పెట్టుకుని, నడుం వంచి నిలబడ్డాడు.

డప్పులు ఆగిపోయాయి. అంబలవాణర్ పెదాల మీద నవ్వు మళ్లీ మొలిచింది.

పూంగోదై దిగివచ్చి, తండ్రి చంకలోంచి శాలువా లాగి అంబలవాణర్ చేతిలో పెట్టింది.

"మళ్లీ కప్పండయ్యా. చంకలో పెట్టుకోవడం నేర్పింది మీరే. ఆయన అది మరిచిపోయేదాకా మీరే కప్పాలి."