ఆరేదాకా ముట్టుకోకూడదు

"ఇప్పుడు దానికి వేణ్ణీళ్ళు కూడానా?" అంది అమలమ్మ, కొబ్బరినూనె సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడి.

కృప మేనత్త వైపు తలెత్తి చూడలేదు. మోచేత్తో నీళ్ళ వేడి చూసుకుంది. తల్లి తలని మంచం అంచు దాటించి, కింద ప్లాస్టిక్ టబ్ పెట్టి, పార్లర్‌లో కడిగినట్టే చెంబుతో కొంచెం కొంచెంగా పోసింది. నురగ కళ్ళలోకి జారకుండా రెండో చెయ్యి నుదుటికి అడ్డం పెట్టింది.

ఉయ్యూరులో ఆ ఇంటి నిండా జనం. వాకిట్లో షామియానా వేశారు. గుణదల చుట్టాలు ఆటోలు దిగుతున్నారు. ఫొటోగ్రాఫర్ వరండాలో కుర్చీ వేసుకున్నాడు. ఫాదర్‌గారు నాలుగింటికి వస్తారు. అప్పటికి తల్లి శౌరమ్మ జుట్టు ఎలా ఉండాలన్నదే ఇప్పుడు తగువు.

"నూనె పట్టించి ముడి చుట్టేస్తే రెండు నిమిషాల పని. పొద్దుట్నుంచీ ఈ అవిసె గింజల జిగురేంటి, ఈ సోకేంటి? ఈ వయసులో దాన్నేమన్నా పెళ్ళికూతుర్ని చేస్తున్నావా?"

"చేసిన రోజున మీరు ఉండనిచ్చారా?" అంది కృప.

ముప్పై నాలుగేళ్ళ కిందట కొత్తకోడలు గడపలో కాలు పెట్టీ పెట్టకముందే, అమలమ్మ ఆ ఉంగరాల జుట్టు చూసి పదిమందిలో నవ్వింది. "తమ్ముడూ, ఈ పీచుకి దువ్వెన చాలదురా, పొలం నుంచి దంతె పట్రా" అంది. అందరూ పగలబడి నవ్వారు. పెళ్ళికొడుకు జక్కయ్య కూడా. ఆ సాయంత్రమే అమలమ్మ అరసీసా నూనె పట్టించి, కనుబొమలు పైకి లేచిపోయేట్టు ముడి బిగించింది. అప్పట్నుంచీ పెళ్ళికైనా పండగకైనా ముందు నూనె సీసా వచ్చేది, వెనకే అమలమ్మ వచ్చేది.

అమలమ్మ నెత్తిన ఉన్నవి నాలుగు వెంట్రుకలు, వాటికి మూరెడు సవరం. ఇంట్లో అందరి జుట్టుకీ తీర్పు చెప్పేది ఆ సవరమే.

తల్లి జుట్టే కృపకీ వచ్చింది. భవానీపురంలో గది తీసుకుని బ్యాంకులో ఉద్యోగం చేస్తూ, ఫోన్లో వీడియోలు చూసి ఆ జుట్టుతో ఎలా వేగాలో నేర్చుకుంది. క్రిస్మస్‌కి ఇంటికొస్తే శౌరమ్మ ఆ ఉంగరాలు ఒక్కొక్కటీ వేలికి చుట్టుకుని చూసింది. "నాకూ ఒక్కసారి ఇట్లా చేస్తావా? మీ అత్త లేనప్పుడు?" అని గొంతు తగ్గించి అడిగింది.

"వచ్చే ఆదివారం చేస్తానమ్మా" అంది కృప. ఆ ఆదివారం సినిమా. తర్వాతిది స్నేహితురాలి పుట్టినరోజు. అలా పదకొండు ఆదివారాలు. మహా తీరికలేని మనిషివి పాపం, అని కృప తనను తానే తిట్టుకుంది. అత్తని తిట్టడం ఆ తర్వాతే మొదలుపెట్టింది.

కండిషనర్ పట్టించి, చిక్కులు వేళ్ళతోనే విడదీసింది. వెడల్పు పళ్ళ దువ్వెనతో ఒక్కసారి దువ్వింది. తండ్రి పాత బనియనుతో తడి ఒత్తుతోంది.

"మగాడి బనియనుతో తల తుడవటమేంటే, ఛీ. ఇంట్లో తువ్వాళ్ళు లేవా?"

"తువ్వాలుతో రుద్దితే పీచులా లేస్తది అత్తా."

"లేవనీ. పీచేగా!" తన మాటకి తనే నవ్వుకుంది అమలమ్మ.

శౌరమ్మ ఏమీ అనలేదు. ఆడపడుచుకి ఎదురు చెప్పటం ఆమె ఎన్నడూ ఎరగదు.

కృప అవిసె జిగురు చేతులకి రాసుకుని, జుట్టు కొసల్ని గుప్పిట పట్టి కింద నుంచి పైకి నొక్కింది. నుదుటి దగ్గర ఒక ఉంగరం లేచింది. చెవి పక్కన రెండు. ఇన్నేళ్ళూ నూనె కింద అణిగి పడున్న జుట్టు, సగం నెరిసి కూడా, చుట్టలు చుట్టుకుని పైకొచ్చింది.

"ఇక ఆరేదాకా ఎవరూ ముట్టుకోకూడదు."

"ఎంతసేపు?"

"గంట."

"గంటా! దీని జుట్టు ఆరేదాకా ఊరంతా కాచుక్కూర్చోవాలా? మన ఇంటి ఆడది జుట్టు విరబోసుకుని నలుగురి కంటా ఏనాడన్నా పడిందా? తమ్ముడూ, ఇట్రా! నువ్వన్నా చెప్పు." అంటూనే మూత తీసి అరచేతిలో నూనె వంపుకుంది.

కృప ఆ చెయ్యి పట్టుకుంది. "ఒక్క చుక్క అమ్మ మీద పడిందంటే సీసా అంతా మీ నెత్తిన వంపుతా. సవరంతో సహా."

జక్కయ్య గుమ్మంలోకి వచ్చాడు. భార్య జుట్టు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఉండనీ అక్కా" అన్నాడు.

ముప్పై నాలుగేళ్ళకి రెండు మాటలు. అవి కూడా నేల చూపులు చూస్తూ. కృపకి తండ్రి మీద జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. ఇంత చిన్న మాటని ఇన్నాళ్ళూ ఏ బీరువాలో దాచావు నాన్నా అని అడగాలనిపించింది.

అమలమ్మ అరచేతిలో నూనె ఏం చెయ్యాలో తోచక, తన నెత్తికే రాసుకుని విసవిసా వెళ్ళిపోయింది.

కృప టేబుల్ ఫాను దూరంగా పెట్టి తల్లి పక్కన కూర్చుంది. గంటసేపు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. "చాలా బాగుందమ్మా" అని చెవిలో చెప్పింది.

నాలుగవుతుండగా తల కింద దిండు సర్ది, నుదుటి మీది ఉంగరాన్ని వేలితో దిద్ది, "ఇక రండి" అని ఆమె పిలవగానే, వరండాలో కాచుకున్న నలుగురు మగవాళ్ళు శవపెట్టె మోసుకుంటూ లోపలికొచ్చారు.