ఎల్సీ వాపస్

డాక్టర్ హైమ వేలు కుమారస్వామి ఛాతీలో, రక్తం చిమ్ముతున్న నాళం మీద ఉండగా కరెంటు పోయింది. జనరేటరు మొరాయించింది. నాళాన్ని కాల్చి రక్తం ఆపే మిషను మూగబోయింది.

"నేనే తీపిచ్చిన మేడం," అన్నాడు తెర అవతల నుంచి కుమారస్వామి. ఆయన లైన్‌మన్. మత్తు ఛాతీ వరకే ఇచ్చారు. "కరెంటుతోని కాలుస్తమంటిరి గద. మనిషి చెయ్యి పెట్టే కాడ ఎల్సీ లేకుంట ఎట్ల? గంట సేపటికి తియ్యుండ్రని థియేటర్లకు వచ్చే ముందే సబ్‌స్టేషన్‌కు ఫోన్ జేసిన."

ఎల్సీ అంటే లైన్ మీద పని జరిగేంతసేపు సరఫరా ఆపించడం. తీసుకున్న మనిషే తన నోటితో వాపస్ ఇస్తేగాని అక్కడ స్విచ్చి వేయరు.

నర్సు ఫోన్ కలిపి ఆయన చెవి దగ్గర పెట్టింది.

"త్వరగా వాపస్ ఇవ్వవయ్యా!" అంది హైమ. "నిన్ను గోదావరి దాటించి పెద్దాసుపత్రికి చేర్చే టైం కూడా లేదు."

"ముందు మీరు చెయ్యి తియ్యిండ్రి."

"తీస్తే నువ్వు పోతావు!"

"తియ్యకుంటే మీరు పోతరు. చెయ్యి తీసిన అని చెప్పుండ్రి, ఇస్త."

వేలు అక్కడే ఉంచి, "తీశాను," అంది హైమ.

కుమారస్వామి ఎల్సీ వాపస్ ఇచ్చాడు. లైట్లు వెలిగాయి. హైమ మిషను కొనను నాళానికి తాకించింది. సన్నటి పొగ లేచి, రక్తం ఆగింది.

కాలిన వాసన తెర దాటింది.

"మేడం! ఉన్నరా?" అని అరిచాడు కుమారస్వామి.

"ఉన్నానయ్యా. ఏమైంది?"

"పోయినేడు బూర్గంపాడు కాడ, స్తంభం మీదికెల్లి మా తమ్ముడు గూడ చెయ్యి తీసిన అనే చెప్పిండు."