ఆపేసి ఉన్న ఇంజను

పడుకున్న పులి తల ఎత్తుతుందని చప్పట్లు కొట్టాను. అది లేచి మా సఫారీ జీపు మీదికే ఉరికింది. ఉరికింది నా చప్పట్లకా, ఇంజను చప్పుడుకా అన్న అనుమానం పదేళ్లుగా నన్ను వదల్లేదు. ఆ రోజు అటవీ అధికారి నిలదీస్తే తప్పు తనదేనని డ్రైవరు ఒప్పుకున్నాడు. నేను మనసులో దేవుణ్ణి తలచుకుంటూ ఊరుకున్నాను.

మళ్లీ ఇన్నాళ్లకు మా అమ్మాయితో వస్తే, ఆ డ్రైవరు అడవి గేటు దగ్గర టికెట్లు చింపుతున్నాడు.

"జీపు మానేశారా?" అన్నాను.

"మానలేదు సార్, మాన్పించారు. అప్పట్నుంచీ ఇక్కడే. పులులు నా మీద బెంగ పెట్టుకున్నాయో ఏమో," అని నవ్వాడు.

"ఆ రోజు ఇంజను గట్టిగానే మోగింది కదూ?"

"ఇంజను ఆపేసే ఉంది సార్."

"మరి మీ మీదెందుకు వేసుకున్నారు?"

అతను నా పక్కనున్న మా అమ్మాయి వైపు చూసి గొంతు తగ్గించాడు.

"పాప అప్పుడు చిన్నది. ఆఫీసరుగారు అడుగుతుంటే మీ మొహంలోకే చూస్తోంది. ఇంకాసేపు ఆగితే మీరు అబద్ధం ఆడేస్తారనిపించింది. బిడ్డ ముందు ఆ పని మీతో చేయించడం దేనికని..."

అబద్ధమైతే ఆడలేదు కదా అన్న ధైర్యంతోనే ఇన్నేళ్లూ పూజలో కూర్చున్నాను.

"నాన్నా, జీపు బయల్దేరుతోంది," అంది అమ్మాయి.

"పోనీలే అమ్మా. నువ్వు నాతో ఆఫీసులోకి రా."

లోపల కొత్త అధికారి తలెత్తి చూశాడు.

"పదేళ్ల కింద మీ గేటు దగ్గరున్నాయన జీపులో చప్పట్లు కొట్టి పులిని రెచ్చగొట్టింది నేను. ఆయన తప్పేమీ లేదు. ఒక కాగితం ఇవ్వండి, రాసిస్తాను."

అమ్మాయి తన పెన్ను తీసి నా చేతికిచ్చింది.